సంధ్య ఎక్కిన బస్సు

చందానగర్ మార్కెట్ మలుపు దగ్గర పొద్దున్నే షేర్ ఆటోలు బారులు తీరతాయి. వెనక నలుగురు, వాళ్ళ మోకాళ్ళ మీద ఇద్దరు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు. ఇంక మనిషి పట్టడు అనుకున్నాక ఇంకో ఇద్దరు పడతారు. అంత గుండె ధైర్యమున్న ఆటోవాళ్ళు కూడా సంధ్య కనపడితే మాత్రం తల బయటపెట్టి ముందుగా ఒక మాట అడుగుతారు.

"చెల్లె, ఇయ్యాల కోపం గిట్ల ఉన్నదా?"

"లేదన్నా."

"మనసుల గూడ లేదా?"

"జర ఉన్నది. పొద్దున నల్లా రాలే."

"గంతేనా? అయితే నడుమ కూసో. ఓ పక్కకు కూసుంటే బండి ఒరుగుతది."

నల్లా నీళ్ళు రాని కోపం ఒక బియ్యం బస్తా బరువు. కరెంటు పోయిన కోపం అంతకు కొంచెం తక్కువ. పరీక్ష పేపరు సిలబస్సులో లేనిది వస్తే మాత్రం ఆటోవాడు దండం పెట్టి, "రెండో ట్రిప్పులో రా తల్లీ, టైర్లు కొత్తయి" అనేవాడు. సంధ్యకు కోపమొస్తే బరువెక్కుతుందని గల్లీలో అందరికీ తెలుసు. ఎవరి ఒంటితీరు వాళ్ళది. కొందరికి కోపమొస్తే తలనొప్పి వస్తుంది, కొందరికి తిండి సయించదు. ఈ పిల్లకు బరువొస్తుంది, అంతే.

ఆ గుణం నాయనమ్మ పార్వతమ్మ నుంచి వచ్చింది. పాలమూరు పల్లెలో ఒక పెద్దింటివాళ్ళు ఆమెను లోపలికి రావద్దన్నారట. సరేనని గడప మీదే కూలబడింది పార్వతమ్మ. ఆ గడప రాయి రెండు ముక్కలైంది. ఇప్పటికీ ఆ ఇంట్లోవాళ్ళు రెండు ముక్కల గడప దాటే లోపలికి పోతారు.

పార్వతమ్మ కొడుకు పోచయ్యకు మాత్రం ఆ గుణం రాలేదనే అందరూ అనుకున్నారు. పోచయ్య దూదిపింజ. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు రాళ్ళగుట్టలు పగలగొట్టి రోడ్లు వేస్తున్న రోజుల్లో భార్య చంద్రమ్మతో కలిసి తట్ట మోయడానికి వచ్చి, రోడ్లు అయిపోయాక, ఆ రోడ్డు పక్కనే లేచిన అద్దాల బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడిపోయాడు. కారు వచ్చినప్పుడు గేటు కర్ర లేవడం ఆలస్యమైతే "సారీ సార్". కారు రాకముందే లేస్తే "సారీ సార్". వాన పడి ఎవరి బూట్లయినా తడిస్తే, వాన తరఫున కూడా ఆయనే చెప్పేవాడు.

"మా ఆయనకు దేవుడు నాలుక ఇచ్చింది సారీ చెప్పనీకే," అనేది చంద్రమ్మ. అదే బిల్డింగులో ఆమె హౌస్‌కీపింగు. "ఇరవై ఏండ్లాయె, కూర ఎట్లున్నదో ఒక్కనాడు చెప్పిన పాపాన పోలే."

సంధ్య చదివే ఇంజనీరింగు కాలేజీ చందానగర్‌కు దగ్గరే. కాలేజీ లిఫ్టులోకి సంధ్య అడుగుపెడితే అందరూ ముందు ఆమె ముఖం చూసేవాళ్ళు. ఓవర్‌లోడ్ గంట మోగితే ఒక్కొక్కరే మాట్లాడకుండా దిగిపోయేవాళ్ళు. లెక్చరర్ ఆంజనేయులు సార్ అయితే ఆమెను చూడగానే మెట్లెక్కేవాడు. ఆయన షుగరు అట్లా అదుపులోకి వచ్చిందని స్టాఫ్ రూములో చెప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె ముగిసి, ఆర్టీసీ బస్సులు మళ్ళీ రోడ్డెక్కాయి. పాఠాలు సగం కూడా కాలేదు గాని, మూడో సంవత్సరం వాళ్ళకు ఢిల్లీ టూరు మాత్రం ఖాయమైంది. టూరు కమిటీకి లీడరు ఎవరు అన్నప్పుడు క్లాసంతా ఒకే పేరు చెప్పింది. తెలంగాణ, సమైక్యాంధ్ర అని రెండు ముక్కలైన ఆ క్లాసు ఒక్క మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే. కారణం సులువు. సంధ్యకు కోపం తెప్పించే దమ్ము ఏ హోటలు మేనేజరుకూ ఉండదు.

సంధ్య మనసుపెట్టి పని మొదలుపెట్టింది. రైలు టికెట్లు తనే బుక్ చేసింది. పహాడ్‌గంజ్‌లో లాడ్జితో ఫోనులో తనే బేరమాడింది. సోమవారం ఎర్రకోట మూత, శుక్రవారం తాజ్‌మహల్ మూత అని కనుక్కుని, మూసిన తలుపులు చూసి రాకుండా రోజులన్నీ అటూ ఇటూ మార్చింది. క్యాంటీనులో కిటికీ పక్క బల్ల కమిటీ ఆఫీసయింది. ఆ బల్లకు ఒక కట్టుబాటు పెట్టింది: దాని దగ్గర రాష్ట్రం గొడవ ఎత్తినవాళ్ళు అందరికీ చాయ్ తేవాలి. పాపం, నోరు కట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. ఆ నెల క్యాంటీనువాడు కొత్త ఫ్రిజ్ కొన్నాడు.

"మే సంధ్యా, ఢిల్లీలో చలి చంపుతాదంట," అంది దివ్య ఒకరోజు. దివ్య నాన్న రంగనాథ్ ప్రొద్దుటూరు నుంచి వచ్చి నల్లగండ్లలో అపార్ట్‌మెంట్లు కడతాడు. రాష్ట్రం విడిపోకూడదని దివ్య గట్టిగా అనేది. సంధ్య పక్క సీటు విడిచి ఇంకో సీట్లో కూర్చోకూడదని అంతకంటే గట్టిగా అనేది. "నీకేమిలే, రోంత కోపం తెచ్చుకుంటే వెచ్చగా ఉంటాది."

"నా కోపానికి వేడి లేదే. బరువే."

"పనికిరాని కోపం మే నీది."

అబ్బాయిలు జంతర్‌మంతర్ పోయి నినాదాలిద్దాం అన్నారు. ఇంకో గుంపు తెలంగాణ గొడవ మాకొద్దు, కరోల్‌బాగ్ పోయి స్వెట్టర్లు కొందాం అంది. రెండు గుంపులూ పోయి చాయ్‌లు తెచ్చాయి.

"నాకు జంతర్‌మంతర్ వద్దు, కరోల్‌బాగ్ వద్దు," అంది సంధ్య. "నాకు పార్లమెంటు చూడాలె."

"లోపలికి పోనియ్యరే."

"నేను లోపలికి పోతనన్ననా? బయట నిలబడి చూస్త. తెలంగాణ ఇస్తమని యాడ కూసొని అన్నరు? రెండు వారాలకే మళ్ల ఆగుండ్రని యాడ కూసొని అన్నరు? ఆ నడిమిట్ల మా గల్లీల పటాకులు కాల్చిన్రు. తర్వాత అదే గల్లీల పిల్లగాండ్లు సచ్చిపోయిన్రు. ఆ గోడ ఎట్లుంటదో ఒక్కసారి నా కండ్లతోని చూసి రావాలె. గంతే."

బల్ల కిర్రుమంది. చాయ్ గ్లాసులు సంధ్య వైపు జారాయి. కట్టుబాటు ప్రకారం చాయ్ తేవలసింది సంధ్యే. కాని దివ్య లేచింది.

"నువ్వు కదిలితే బెంచి ఇరుగుతాది. కూచో, నేను తెస్తా."

టూరుకు కొన్నాళ్ళ ముందు, ఒక ఆదివారం, ఐటీ కంపెనీల మధ్య చౌరస్తాలో వంటావార్పు జరిగింది. అంటే రోడ్డు మీదే మూడు రాళ్ళు పెట్టి వండటం, రోడ్డు మీదే కూర్చుని తినటం. బండ్లు ఆగిపోతాయి, కడుపులు నిండుతాయి. క్లాసులో సగం మంది పోయారు. సంధ్య వంకాయలు తరుగుతూ కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆమెకు ఆ పూట కోపం లేదు. పక్కన ఆడవాళ్ళు పాట పాడుతుంటే తలూపుతోంది కూడా.

అప్పుడు ఒక పోలీసు జీపు గుంపులోకి దూసుకొచ్చి అన్నం గుండిగను గుద్దేసింది. ఉడికిన అన్నమంతా రోడ్డు మీద తెల్లగా పరుచుకుంది. జీపు చక్రాలు దాని మీదుగానే వెనక్కి పోయాయి.

సంధ్య కత్తి పక్కన పెట్టింది. కాళ్ళు మడిచి కూర్చుంది. ఇంక అక్కడ్నించి కదలలేదు.

నలుగురు కానిస్టేబుళ్ళు వచ్చి రెక్కలు పట్టుకున్నారు. తర్వాత ఎనమండుగురు. "అమ్మా, జర కోపం దిగమింగు తల్లీ, నడుం పట్టింది," అన్నాడొక పెద్దాయన. చివరికి రాంగ్ పార్కింగు కార్లు ఎత్తుకెళ్ళే క్రేను తెచ్చారు. క్రేను ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. సంధ్య లేవలేదు. సాయంత్రం కోపం కొంచెం చల్లారాక తనే లేచి, మిగిలిన వంకాయలు చున్నీ కొంగున కట్టుకుని ఇంటికి పోయింది. కాని అప్పటికే ఆమె ముఖం టీవీలో వచ్చేసింది.

మర్నాడు కాలేజీ కరస్పాండెంటు గారు వంటావార్పుకు పోయినవాళ్ళను తన గదిలో వరసగా నిలబెట్టాడు. ఆయనది ఏ ఊరని ఎవరైనా అడిగితే "మాది డెవలప్‌మెంటండి" అనేవాడు.

"ఎవరి ముందు కూర్చున్నార్రా మీరు? కంపెనీల ముందు! రేపు మీకు ఉద్యోగాలివ్వాల్సింది ఎవరు? ఆ కంపెనీలే! సరే, నేను పెద్ద శిక్షలు వేసే మనిషిని కాదు. ఒక్కొక్కరు ముందుకొచ్చి సారీ అనండి. ఢిల్లీ వెళ్ళండి. అనని వాళ్ళు ఇక్కడే ఉండండి. సింపుల్."

ఒకడు ముందుకొచ్చాడు. "సారీ సార్." ఇంకొకడు. ఇంకొకతె. నిన్న సంధ్య పక్కన ఉల్లిగడ్డలు తరిగిన పిల్ల కూడా, "సారీ సార్." నినాదాలకు గొంతు పోగొట్టుకున్నవాడు గుసగుసగా చెప్పాడు. పోయిన గొంతు వల్ల గుసగుస అని అందరూ సరిపెట్టుకున్నారు.

సంధ్య వంతు వచ్చింది.

"ఎందుకు చెప్పాలె సార్?"

"రోడ్డు మీద కూర్చున్నందుకు."

"అన్నం మీదికెళ్ళి జీపు తోలినోళ్ళు చెప్పిన్రా సార్?"

ఆమె కాళ్ళ కింద టైలు టప్పుమంది. కరస్పాండెంటు గారు వంగి చూశాడు. ఇటాలియన్ టైలు.

"ఇప్పుడు రెండు సారీలు చెప్పాలి నువ్వు. ఒకటి నాకు, ఒకటి టైలుకు."

ఇంకో టైలు టప్పుమంది.

"బయటికి నడు! నువ్వు టూరుకు లేవు!"

ఆ రోజు నుంచి క్యాంటీను బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. సారీ చెప్పినవాళ్ళు సంధ్యను చూస్తే ఫోను చూసుకునేవాళ్ళు. దివ్య మాత్రం మూడు పూటలా పోట్లాడింది.

"నేనూ పోను. ఆ పెద్దమనిషి మొగం చూసి పోయేదేంది?"

"నువ్వు పోవాలె. నా తరఫున ఆ గోడ చూసి రా."

"నీ గోడ నేనెందుకు చూడాల మే? రాష్ట్రం వద్దనే దాన్ని నేను! నా కండ్లతో చూస్తే నీ కోపం దానికి తగుల్తాదా?"

అందులో న్యాయం ఉంది.

ఇంట్లో పోచయ్య అన్నం ముందు కూర్చుని, బిడ్డ ముఖంలోకి చూడకుండా కూరలోకి చూస్తూ అన్నాడు. "ఒక్క మాట బిడ్డా. సారీ అంటే ఏం పోతది? నేను దినాం అంట. ఏమన్న తగ్గిన్నా?"

చంద్రమ్మ గరిటె చేత్తోనే ఆయనను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"తగ్గలే. తగ్గనీకి ఇంకేం మిగిలిందని?"

పోచయ్య నవ్వబోయాడు. ఆ నవ్వు ముఖం మీదికి రాకుండా మీసం దగ్గరే ఆగిపోయింది. సంధ్య పోయి మంచం మీద కూర్చుంది. నవారు ఒక్కొక్క పట్టీ పటపట తెగింది. ఆ రాత్రి నుంచి ఆమె నేల మీదే పడుకుంది.

టూరు బయలుదేరే రోజు వచ్చింది. అందరికీ సకినాలు చేసి పంపుతానని చంద్రమ్మ ఎప్పుడో మాటిచ్చింది. "నా బిడ్డే పోకపోతే నేనెందుకు పంపాలె" అని పొద్దంతా తిట్టుకుంటూనే డబ్బా నిండా చేసింది.

"తీస్కపోయి ఇచ్చి రా. తిండి మీద కోపం చూపొద్దు."

సంధ్య పోయేసరికి కాలేజీ ముందు బస్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు స్వామి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. కరస్పాండెంటు గారు చేతిలో కొబ్బరికాయతో, మెడలో ఎవరో వేసిన దండతో, ఢిల్లీకి తనే పోతున్నంత కళగా ఉన్నాడు. సంధ్య ఆయన పక్క నుంచి చూడకుండా బస్సెక్కింది. దివ్య మధ్య సీట్లో ఉంది. కిటికీ పక్క సీటు ఖాళీగా వదిలి, అందులో తన బ్యాగు పెట్టుకుంది.

"ఇదిగో, అమ్మ పంపింది. ఆగ్రా పొయ్యేటప్పుడు తినుండ్రి. నేను పోత."

అంతే. ఇచ్చి దిగిపోదామనే వచ్చింది. అప్పుడు వెనక సీట్లో నుంచి, సారీ చెప్పినవాళ్ళలో ఒకడు, కొత్త స్వెట్టరు వేసుకుని, చిప్స్ నములుతూ అడిగాడు.

"సంధ్యా, ఎర్రకోట ఏ రోజు మూత అన్నవే? సోమవారమా, శుక్రవారమా?"

సంధ్య వాడి వైపు తిరిగింది. తర్వాత తనే దివ్య బ్యాగు తీసి కింద పెట్టి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది.

బస్సు ధబ్బున దిగింది. నాలుగు నిమ్మకాయలూ ఉన్నచోటే చితికిపోయాయి.

స్వామి తాళం తిప్పాడు. ఇంజను అరిచింది, పొగ వచ్చింది, చక్రం మాత్రం తిరగలేదు. దిగి కిందికి వంగి చూసి, తల గోక్కుంటూ వచ్చాడు.

"సార్, స్ప్రింగులు నేలకు ముద్దు పెడుతున్నయి. సంధ్య కూసున్నది."

కరస్పాండెంటు గారు కొబ్బరికాయతోనే బస్సెక్కాడు. ఆయన ఒక్కో మెట్టెక్కుతుంటే బస్సు ఇంకో అంగుళం దిగింది.

"దిగు."

"దిగాలనే ఉన్నది సార్. కాలు లేస్తలేదు."

"కోపం తగ్గించుకో!"

"మీరు ఎదురుంగ నిలబడితే ఎట్ల తగ్గుతది సార్?"

ఆంజనేయులు సార్ వచ్చి బతిమాలాడు. కబడ్డీ టీము వచ్చి పట్టి లాగింది. ఒకడి చొక్కా చిరిగింది, సంధ్య జడ కూడా ఊగలేదు. సికింద్రాబాద్‌లో రైలు ఎవరి కోసమూ ఆగదు. మియాపూర్, కూకట్‌పల్లి ట్రాఫిక్ దాటాలి. కరస్పాండెంటు గారి నుదుటి మీద బొట్టు చెమటకు కారిపోతోంది. అప్పుడు ఆయనకొక ఉపాయం తోచింది. అంత తెలివితక్కువ ఉపాయం ఆయన జన్మలో ఇంకోటి పన్నలేదు. పోచయ్యను పిలిపించాడు.

గేటు వదిలి ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చాడు పోచయ్య. ఒంటి మీద నీలం యూనిఫాం, తల మీద టోపీ. గాబరాతో బస్సెక్కాడు. ఆయన ఎక్కితే బస్సుకు తెలియను కూడా తెలియలేదు.

"సారీ సార్. ఏమైంది సార్?"

"మీ అమ్మాయిని దించుకుపో. ఇంతమంది పిల్లల టూరు పాడుచేస్తోంది. సారీ చెప్పడం నేర్పలేదటయ్యా బిడ్డకు? సరే, నువ్వు చెప్పు ఆమె తరఫున. నీకు బాగా అలవాటే కదా. చెప్పి, దించుకుని వెళ్ళు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పోచయ్య నోరు తెరిచాడు. సారీ నాలుక చివరే ఉంది. అది ఉండే చోటే అది. బిడ్డ వైపు చూశాడు. సంధ్య కిటికీలోంచి బయటికి చూస్తోంది, పెదవి కొరుక్కుంటూ.

"ఏ తప్పుకు చెప్పాలె సార్?" అన్నాడు పోచయ్య. ఎదురు తిరగడానికి కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

"నీకు తెలీదా? రోడ్డు మీద కూర్చుంది! కంపెనీల ముందు రోడ్డు మీద!"

"ఏ రోడ్డు సార్? ఆ పెద్ద చౌరస్తా రోడ్డా?"

"అదే!"

పోచయ్య టోపీ సర్దుకున్నాడు.

"అది మేం ఏసిన రోడ్డు సార్. నేను, నా పెండ్లాం. అప్పుడు ఈ పిల్ల దాని కడుపుల ఉండె. కంకర మోస్తుంటే నొప్పులొచ్చినయి. ఆ రోడ్డు పక్కన్నే, చెట్టు కింద, చీర అడ్డం కట్టి కన్నది." ఆయన గొంతు పెరగలేదు. ఒక్కో మాటా కింద పెట్టినట్టు అన్నాడు. "పుట్టిననాడు ఆ రోడ్డు మీద పడుకున్నది సార్ నా బిడ్డ. ఇప్పుడు కూసుంటే తప్పయిందా?"

టోపీ తీశాడు. వెళ్ళి సంధ్య ముందు సీట్లో కూర్చున్నాడు.

ఆ చప్పుడు మణికొండ దాకా వినపడిందంటారు. అది కొంచెం ఎక్కువ చెప్పడం. చందానగర్ దాకా మాత్రం వినపడింది. బస్సు వెనక బంపరు మట్టిలోకి దిగింది. ముందు అద్దంలో దేవుడి బొమ్మ ఊగడం ఆపేసింది. తల్లి గుణం కొడుక్కు రాలేదని ఇన్నాళ్ళూ అనుకున్నారు. వచ్చింది. ఒక్కో "సారీ సార్" కిందా కొంచెం కొంచెం దాచిపెట్టుకుని ఉన్నాడు, ఇన్నేళ్ళూ.

సంధ్య కిటికీ వైపు నుంచి తల తిప్పి తండ్రి వీపు చూసింది.

వెనక సీట్లో కొత్త స్వెట్టరువాడు లేచాడు. ముఖం ఎర్రగా ఉంది. "సార్, నేను మొన్న చెప్పిన సారీ వాపస్ తీసుకుంటున్న."

"ఏంటి?"

"నాది గూడ సార్," అంది ఉల్లిగడ్డలు తరిగిన పిల్ల. "నాది గూడ" "నాదీ సార్" అని బస్సంతా వాపసులే. వంటావార్పు ముఖం కూడా చూడని దివ్య లేచి నిలబడింది.

"నేను మీకు సారీ చెప్పల్యా సార్, వాపసు తీసుకునేదానికి. కాబట్టి ఇంగోటి చెప్తా. సంధ్య దిగితే నేనూ దిగుతా."

అంతలో కరస్పాండెంటు గారి ఫోను మోగింది. రంగనాథ్. ఫోనులో మాట బస్సంతటికీ వినపడింది. "ఏం సార్, పిల్లోల్లు బయల్దేరినారా ల్యాదా? మా పాప రైలు తప్పితే నేనే వస్తా ఆడికి!"

కరస్పాండెంటు గారు ఫోను పెట్టేశాడు. మెడలో దండ తీసేశాడు.

"వెళ్ళండి. ఎవరైనా వెళ్ళండి. సారీ లేదు, గీరీ లేదు. పోనీవయ్యా స్వామీ!"

స్వామి తాళం తిప్పాడు. బస్సు కదలలేదు.

"సార్, ఇంకా బరువుంది. మీరు జర దిగుండ్రి."

ఆయన దిగాడు. బస్సు ఒక అంగుళం లేచింది.

"జర ఎనకకు జరగుండ్రి సార్."

ఆయన వెనక్కి నడిచాడు. స్ప్రింగులు నిట్టూర్చాయి.

"ఇంగ జర సార్! గేటు బయటికి!"

తన కాలేజీ గేటులోంచి తనే వెనకడుగులు వేస్తూ బయటికి పోయాడు ఆయన, కొబ్బరికాయ గుండెకు హత్తుకుని. వాచ్‌మన్ అలవాటుగా గేటు తీసి పట్టుకున్నాడు.

"ఇంగ సార్!"

"ఇంకెక్కడికయ్యా! వెనక రోడ్డుంది!"

"దాటుండ్రి సార్. ఆ చాయ్ బండి ఎనకకు పోతే కనపడరు."

చాయ్ బండి వెనక ఆయన తల మాయమవగానే బస్సు మూలుగుతూ, ఆవులిస్తూ, మొదటి గేరులో కదిలింది. కూకట్‌పల్లి దాటాక గాని ఎవరికీ గుర్తు రాలేదు, పోచయ్య ఇంకా బస్సులోనే ఉన్నాడని. దింపుదామని చూశారు. ఆయన లేవలేదు. లేవలేకపోయాడు. సంధ్య తల్లికి ఫోను చేసింది.

"నాయిన మాతోనే వస్తున్నడమ్మా. దిగొస్తలేదు."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత చంద్రమ్మ, "ఆ మనిషికి చలి ఆగదు. మెడకు ఏమన్న చుట్టు," అని పెట్టేసింది.

సికింద్రాబాద్‌లో బిడ్డ రైలెక్కుతుంటే మాత్రం పోచయ్య తనంతట తనే లేచి ఆమె వెనక ఎక్కాడు. సంధ్య టికెట్ అట్లాగే ఉంది, ఎందుకంటే దాన్ని రద్దు చేయడం ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. పోచయ్యకు మాత్రం టికెట్ లేదు. టీసీ వచ్చాడు, అడిగాడు, రెక్క పట్టి లేపబోయాడు, నడుం పట్టుకుని పక్క పెట్టెలోకి పోయాడు. రైలు కాజీపేట దాకా ఎడ్లబండిలా నడిచింది. సంధ్య నిద్రపోయాక కొంచెం వేగం అందుకుంది. పోచయ్య నిద్రపోలేదు. ఆయనది చాలా ఏళ్ళ నిల్వ.

ఢిల్లీలో మూడో రోజు వాళ్ళు పార్లమెంటు దగ్గరికి పోయారు. బారికేడ్ల దగ్గరే ఆపేశారు. దూరంగా, ఇనుప కమ్మీల వెనక, స్తంభాలు స్తంభాలుగా కనపడుతోంది.

"గుండ్రంగ ఉన్నది," అంది సంధ్య.

"గుండ్రంగా కడితే అంతే మే," అంది దివ్య. "మాట యాడికి పోతాది? తిరిగి తిరిగి మొదటికే వస్తాది."

పోచయ్య వాళ్ళ పక్కన నిలబడ్డాడు. యూనిఫాం మీద దివ్య ఇచ్చిన గులాబీ రంగు స్వెట్టరు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. లోపలి నుంచి ఎర్రబుగ్గ తెల్లకారు ఒకటి వచ్చింది. దారిలో ఉన్న పోలీసులందరి చేతులూ టకటక లేచాయి. పోచయ్య కాళ్ళు కూడా వాటంతటవే దగ్గరికొచ్చాయి. కుడిచేయి వేళ్ళు దగ్గరయ్యాయి.

చేయి లేవలేదు.

ఆయన కిందికి చూసుకున్నాడు. చేయి పక్కనే వేలాడుతోంది, బండరాయిలా. కారు ఆయన ముందు నుంచే పోయింది. పక్కనున్న పోలీసు యూనిఫాం ప్యాంటు చూసి, గార్డువి కదా, సెల్యూట్ కొట్టవా అని హిందీలో గద్దించాడు.

"హాత్ నై ఉఠ్‌తా సాబ్," అన్నాడు పోచయ్య హైదరాబాదు మాటలో. దాని వెనక సారీ రాలేదు. పోలీసు కాసేపు దాని కోసం ఎదురుచూసి వెళ్ళిపోయాడు.

ఆ చేయి మళ్ళీ ఏ కారుకూ లేవలేదు. అన్నం కలపడానికి లేచేది, బిడ్డ తల నిమరడానికి లేచేది. సలాం కొట్టని గార్డును ఏజెన్సీ ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? ఆ నెలలోనే గేటు కొలువు పోయింది. పోచయ్య చందానగర్ మార్కెట్లో ఉల్లిగడ్డల బండి పెట్టుకున్నాడు. చంద్రమ్మ కూర ఎట్లుందో కూడా అప్పుడప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఉప్పు తక్కువైందని చెప్పినప్పుడు మాత్రం ఆమెకు ఇదేం కర్మరా అనిపించేది.

కాని అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మిగతా పిల్లలు ఫోటోలు దిగి, ఆకలని గోలపెట్టి, దివ్య వెనక ఇండియా గేటు వైపు నడిచారు. తండ్రీ కూతురూ బారికేడు దగ్గరే నిలబడి ఉన్నారు. కాళ్ళ కింద ఫుట్‌పాత్ రాయి కొద్దిగా కుంగింది.

"చూసినవా బిడ్డా?"

"చూసిన."

"మరి పోదమా?"

"జర ఆగు నాయినా. కాలు లేస్తలేదు."

పోచయ్య మఫ్లరు విప్పి కూతురి మెడకు చుట్టాడు.

"ఆగుదం. మనం వచ్చి నిలబడ్డం గదా. ఇగ తొందర వాళ్ళకుండాలె."